కొలత యంత్రముల జీర్ణోద్ధరణము

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)

  

ఈ శుభ సమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినపుడు, నేను భారతమునుండియో ప్రబంధమునుండియో ఒక ఘట్టమును గ్రహించి ప్రసంగింతునని తలంచి యుందురు. ఇరువది యైదు సంవత్సరములుగా ఈ మందిరమున, నిఘంటువును ప్రక్కన నిడుకొని, గురువు లేకయే నేను చదువుకొన్నవి ఆ గ్రంథములే. కాని నేడు మరియొక విద్యను గూర్చి మనవి చేసెదను. అదియు నాకీ మందిరముననే అంకురించినది. రేడియోలు మొదలగు వానిని బాగుచేయువారు పూర్వము వాడిన మీటర్లు, ఆసిలేటర్లు, ఆసిలోస్కోపులు మూలబడి యున్నచో, వానిని తెచ్చి మరల పనిచేయునట్లు చేయుట నా తీరిక వేళల వ్యాపకము. ఇందు ధనలాభ మేమియు లేదు. సహకార సంఘపు లెక్కలు వ్రాయువానికి ఇదేమి పిచ్చి యని నవ్విన మిత్రులు ఈ సభలోనే కలరు. వారికి సమాధానము చెప్పుటకే నేను లేచితి ననుకొన్నను తప్పు లేదు.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. రేడియో చెడినచో పాట వినబడదు, అంతటితో సరి. కొలుచు యంత్రము చెడినచో మౌనము వహింపదు, అబద్ధము చెప్పును. మనము దానిని నిజమని నమ్ముదుము. మన పెద్దలు పొలములను కొలిచిన గంటరు గొలుసు 66 అడుగుల పొడవు. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఆ గొలుసు చిరకాలము వాడుటచే లింకులు సాగి అర అడుగు పెరిగినదనుకొందము. నిజముగా నూరు సెంట్లున్న చేను ఆ గొలుసుతో తొంబది యెనిమిదిన్నర సెంట్లుగా తేలును. కొలిచినవాడు దొంగ కాడు. వ్రాసినవాడు దొంగ కాడు. అయినను చేనిగలవాడు నష్టపోవును. కావున కొలుచుదానిని ముందుగా కొలిచి చూచుట ధర్మమని లెక్కలవాడనైన నాకు తోచును. నా వ్యాపకమునకు మూలమైన భావ మిదియే.

ఇక నా చేతికి మొదట వచ్చిన యంత్రమును గూర్చి చెప్పెదను. దాని పేరు ఏవో మీటరు. బాల్యమున నేను ఈ పేరు విని, ఏవేవో కొలుచు మీటరు గాబోలు ననుకొంటిని. ఆంపియరు, వోల్టు, ఓము అను మూడు మాటల మొదటి అక్షరములు కలిసి ఆ పేరైనవని తరువాత తెలిసినది. బ్రిటిషు పోస్టాఫీసు శాఖలో ఇంజనీరుగా నున్న డొనాల్డు మెకాడీ అను నాతడు, మూడు పనులకు మూడు యంత్రములను మోసికొనిపోవుట కష్టమని తలంచి, మూడింటిని ఒకే పెట్టెలో నిమిడ్చెను. 1923లో అది విపణికి వచ్చెను. 1951లో వెలువడిన ఎనిమిదవ నమూనా మిక్కిలి ప్రసిద్ధి నొందినది. నల్లని పెట్టె, తోలు పట్టీ, రెండు గుండ్రని మరలు, వెడల్పైన డయలు. ముల్లు క్రింద సన్నని అద్దపు పట్టీ యుండును. కంటికి ముల్లు, అద్దములోని దాని నీడ ఒక్కటిగా కనబడినపుడే అంకె చదువవలెను. ప్రక్కనుండి చూచి తప్పు చదువకుండ చేసిన యుపాయ మది. పరిమితికి మించిన విద్యుత్తు ప్రవేశించినచో లోపలి మీట తటాలున విడి ముల్లును రక్షించును. ఈ నమూనా వంశము 2008 వరకు తయారగుచునే యుండెను.

మన యూరి రేడియో మెకానిక్కుగారి యొద్ద అట్టి మీటరు ఒకటి యుండెడిది. మేమందరము ఆయనను బాబాయిగారని పిలిచెడివారము. ఆయన దుకాణము బల్లపై కూరుచుండి నేను బడి యెగవేసిన దినములు కలవు. ఒకసారి ముల్లు కదలినంతనే నేనొక అంకె చెప్పగా, ఆయన నవ్వి, "మీటరు అబద్ధమాడదురా అబ్బాయీ, చూడ్డం రాక మనమే దానిచేత ఆడిస్తాం" అనెను. ఆయన కాలము చేసిన పిదప దుకాణపు సామానులు తూకమునకు పోయినవి. నేను విని పరుగెత్తి పోవునప్పటికి ఈ మీటరు ఇంకను త్రాసు ప్రక్కననే యున్నది. ఇనుము ధరకే దానిని కొని తెచ్చితిని.

దాని మూత విప్పి చూడగా, లోపలి బ్యాటరీలు కారి పచ్చని చిలుము పట్టియుండెను. ఈ మీటరు ఓములను కొలుచుటకు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీయు, 15 వోల్టుల చిన్న బ్యాటరీయు కావలెను. వానిని తీయక మూలబెట్టిన మీటర్లన్నింటికి ఇదే గతి. మర లోపలి పలకలపై మురికి పేరుకొనియున్నది. ముల్లు ఒకచోట పట్టుకొనుచున్నది. అయస్కాంతము సందున సన్నని ఇనుప రజను చేరుటచే అట్లగును. కొంత ఓపికతో వీనిని శుభ్రము చేసితిని. మర వెనుక నున్న రెసిస్టెన్సులు ఏల యున్నవో తెలియక, ఈ గ్రంథాలయములోని భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకమును తీసికొనిపోయి ఓము సూత్రమును చదివితిని. పద్యమునకు అన్వయము కుదిరినపుడు కలుగు ఆనందమే అప్పుడును కలిగినది.

ఈ కాలమున అంకెలు చూపు మీటర్లు చవుకగా దొరకుచుండగా పాతది యేల యని అడుగుదురు. దీనికి నిక్కమైన యుత్తర మొకటి కలదు. చిన్న చెంబులోని నీటి వేడిని చూచుటకు పెద్ద చల్లని గరిటెను ముంచినచో, గరిటెయే ఆ వేడిని కొంత హరించును. మీటరును అంతే, కొలుచుటకై కొంత విద్యుత్తును తానే త్రాగును. లక్ష ఓముల రెసిస్టెన్సు వెనుక పది వోల్టులున్నవనుకొనుడు. వోల్టునకు వేయి ఓముల తరగతి మీటరు, పది వోల్టుల రేంజిలో ఒక వోల్టైనను చూపజాలదు. ఏవో ఎనిమిదవ నమూనా వోల్టునకు ఇరువది వేల ఓములు గలది. అది ఆరు, ఏడు వోల్టుల నడుమ చూపును. కోటి ఓముల నేటి అంకెల మీటరు 9.9 చూపును. నేటిదే సత్యమునకు దగ్గర, సందేహము లేదు. కాని పాత రేడియోల పటములలో, ఇచ్చట ఇన్ని వోల్టులుండవలెనని అచ్చువేసిన అంకెలు పెక్కులు ఇరువది వేల ఓముల మీటరుతో చూచి వ్రాసినవి. ఆ పటమును సరిగా చదువుటకు ఆ కాలపు మీటరే కావలెను. పాత కావ్యమునకు పాత నిఘంటువు కావలసినట్లే ఇదియు.

మొదటి విజయముచే నాకు గర్వము కలిగినది. దాని ఫలమును దాచక చెప్పెదను. ఒక పట్టణములో పాత సామానుల కొట్టునందు అమెరికాలో తయారైన వాల్వుల ఆసిలేటరు ఒకటి దొరకెను. పెట్టె చూడ ముచ్చటగా నున్నది. ఇంటికి తెచ్చిన రాత్రియే ప్లగ్గు పెట్టితిని. అది 115 వోల్టుల దేశమునకు చేసినది. మన యింట నున్నవి 230 వోల్టులు. ఆ మాట పెట్టె వెనుక పలకపై చిన్న అక్షరములలో చెక్కియే యున్నది. నిమిషములో పొగ లేచినది, ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయినది. ప్రతి పద్యమునకు ప్రతిపదార్థము వెదకు నేను, పలకపైనున్న ఒక్క పంక్తిని చదువలేదు. ఎన్నో యేండ్లు చెడక వచ్చిన వస్తువును ఒక్క రాత్రిలో నేను చెరిచితిని. అట్టి ట్రాన్స్‌ఫార్మరు నాకు నేటికిని దొరకలేదు. ఆ పెట్టె నా బల్లపైనే యున్నది. పని మొదలిడుటకు ముందు దానిని ఒకసారి చూచుట నాకు నియమము.

అప్పటినుండి నేను పాటించు క్రమ మిది. పాత యంత్రము చేతికి రాగానే విద్యుత్తు ఇయ్యరాదు. మొదట చదువవలెను, పిదప చూడవలెను, పిదప వాసన చూడవలెను. మాడిన జాడ, ఉబ్బిన కండెన్సరు, ఎలుక కొరికిన తీగ, వీనినన్నిటిని కాగితముపై వ్రాసికొనవలెను. ఏ తీగను విప్పినను ముందు పటము గీయవలెను. యుద్ధకాలపు కొన్ని యంత్రముల డయళ్లపై చీకటిలో మెరయుటకు రేడియము కలిపిన రంగు పూసియుందురు. దానిని గీకరాదు, ఊదరాదు.

పిమ్మట కండెన్సర్ల సంగతి. వాల్వుల యంత్రములో పెద్ద కండెన్సర్లు మూడు నాలుగు వందల వోల్టులను దాచుకొనును. ప్లగ్గు తీసిన తరువాతను అది నిలిచి యుండవచ్చును. ప్రాణము తీయుటకు అది చాలును. తగిన రెసిస్టెన్సు ద్వారా దానిని దిగిపోనిచ్చి, మీటరుతో చూచుకొనిన గాని లోపల చేయి పెట్టరాదు. ఒంటరిగా నున్నపుడు ఈ పని చేయనే రాదు. ఈ మాట బాలుర కొరకు గట్టిగా చెప్పుచున్నాను.

ఈ పెద్ద కండెన్సర్ల లోపల అల్యూమినియము రేకుపై మిక్కిలి పలుచని ఆక్సైడు పొర యుండును. విద్యుత్తు లేక యేండ్ల తరబడి పడియున్నచో ఆ పొర క్షీణించును. ఒక్కసారిగా పూర్తి వోల్టులను ఇచ్చినచో అది తాళజాలదు, వేడెక్కి పగులును. చాలదినములు పస్తున్నవానికి మొదట గంజినీరు పోసినట్లు, రెసిస్టెన్సు ద్వారా కొద్ది కొద్దిగా వోల్టులను పెంచుచు గంటల తరబడి వేచియున్నచో, పొర మరల ఏర్పడును. కారెడి విద్యుత్తు క్రమముగా తగ్గినచో కండెన్సరు బ్రదికినట్లు, తగ్గనిచో తీసివేయవలసినదే. కాగితపు కండెన్సర్లకు ఈ వైద్యము పనికిరాదు. వానిలో తేమ చేరి విద్యుత్తు కారును. రెండు వాల్వుల నడుమ నున్నది అట్లు కారినచో, తరువాతి వాల్వు అదుపు తప్పి, అధికముగా విద్యుత్తును గుంజి, మాడిపోవును. అణా వస్తువు వలన రూపాయి వస్తువు చెడును.

ఇవన్నియు చూచిన తరువాత మొదటిసారి విద్యుత్తు ఇచ్చునపుడు, తీగ మార్గములో ఒక సాధారణ తంతు బల్బును వరుసగా కలుపుదును. యంత్రములో ఎచ్చటనైన తీగలు కలిసిపోయినచో బల్బు దేదీప్యమానముగా వెలుగును; వెంటనే ఆపవచ్చును. లోపల క్షేమమైనచో ఒకసారి వెలిగి మందగించును. బల్బు ఆ భారమును తానే భరించి యంత్రమును కాపాడును. ఆ రాత్రి నా యొద్ద ఈ బల్బు ఉండినచో ఆ ట్రాన్స్‌ఫార్మరు నేటికిని ఉండెడిది.

మరియొక నియమము కలదు. చేసినవాని హృదయము తెలియక దేనిని మార్చరాదు. ఇందుకు రెండు దృష్టాంతములు చెప్పెదను. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివిన విలియం హ్యూలెట్, తన మిత్రుడు డేవిడ్ ప్యాకార్డుతో కలిసి 1939లో పాలో ఆల్టో అను ఊర ఒక కారు కొట్టములో చిన్న వ్యాపారమును ప్రారంభించెను. వారి మొదటి సరుకు 200ఏ అను ఆసిలేటరు; శబ్ద యంత్రములను పరీక్షించుటకు స్వచ్ఛమైన స్వరములను పుట్టించునది. వెల 54 డాలర్ల 40 సెంట్లు. వాల్టు డిస్నీవారు 1940లో వెలువడిన "ఫాంటాసియా" చిత్రపు శబ్ద సన్నాహమునకై దీని రూపాంతరమైన 200బి యంత్రములను ఎనిమిదింటిని కొనిరి. ఈ ఆసిలేటరు లోపల ఒక చిన్న బల్బు ఉండును. తెలియనివాడు, వెలుగని ఈ బల్బు ఏల యని తీసివేయును. లేదా కనబడిన మరియొక బల్బును పెట్టును. అది వెలుగు కొరకు కాదు. స్వరము పెరిగినచో బల్బులోని తంతువు వేడెక్కి దాని రెసిస్టెన్సు పెరుగును. అంతట స్వరము తగ్గును. మరీ తగ్గినచో తంతువు చల్లబడి మరల పెంచును. ఎవరును చెప్పకయే స్వరము ఒకే స్థాయిలో నిలుచును. ఆ యంత్రమునకు ఆత్మ ఆ బల్బే.

రెండవది ఆసిలోస్కోపు. 1897లో జర్మనీ దేశీయుడైన కార్ల్ ఫెర్డినాండు బ్రౌన్ నిర్మించిన కాథోడు కిరణ గొట్టము దీనికి పితామహుడు. విద్యుత్తు కదలికను తెరపై గీతగా చూపు యంత్ర మిది. 1946లో ఆరెగాన్ రాష్ట్రమున స్థాపింపబడిన టెక్ట్రోనిక్సు సంస్థవారు 1947లో తమ 511 నమూనాను వెలువరించిరి. గీత పరుగెత్తక ప్రతిసారి ఒకే బిందువునొద్ద ప్రారంభమై నిలకడగా కనబడుటయు, కాలమును నిజముగా కొలువగలుగుటయు దాని ఘనత. ఆ సంస్థవారు తరువాత చేసిన యంత్రములలో తీగలను పింగాణి పట్టీల గాళ్లలో టంకము వేసి నిలిపిరి. ఆ గాళ్లకు వెండి పూత కలదు. సామాన్యపు టంకముతో అతికినచో అది వెండిని కరగించి తనలో కలుపుకొనును, పూత ఊడిపోవును. అందుచేత నూటికి మూడు పాళ్లు వెండి కలిసిన టంకమునే వాడవలెను. అట్టి టంకపు తీగ చుట్టను ఆ యంత్రముల పెట్టెలోననే అమర్చి పంపెడివారు. తమకు ముఖము తెలియని, ఏనాడో రానున్న మరమ్మతువానిని తలంచి పెట్టిన చుట్ట అది. దానిని తలచినపుడెల్ల చేతులు జోడింప బుద్ధియగును.

ఇంతకును బాబాయిగారి మీటరు కథ ముగియలేదు. దానిని శుభ్రము చేయునపుడు మూత లోపల మడతపెట్టిన చిన్న చీటీ దొరకినది. ఆయన చేతివ్రాతతో ఇట్లున్నది: "నూరు వోల్టుల రేంజిలో నూటికి రెండు తక్కువ." ఆ రేంజిలో చూచినప్పుడెల్ల ఆయన మనసులో రెండు కలుపుకొనెడివాడు గాబోలు. ఎవ్వరికిని చెప్పలేదు; అయినను వ్రాసియుంచెను. లెక్కలు వ్రాయువాడను గనుక నాకు ఆ చీటీ వెల తెలియును. తప్పులేని పుస్తక మెచ్చటను లేదు. తప్పును అంచున వ్రాసియుంచిన పుస్తకమును నమ్మవచ్చును.

నేను ఇతర మీటర్లతో సరిచూచితిని. 25 వోల్టుల రేంజి సరిగా నున్నది. 100 రేంజిలో నూటికి రెండు తక్కువ. 250 రేంజిలో నూటికి ఒకటికంటె తక్కువ లోటు. ఈ మూడంకెలను చూచి చాలసేపు ఆలోచించితిని. తుదకు నా వృత్తియే త్రోవ చూపినది. ఈ మీటరులో పై రేంజిల రెసిస్టెన్సులు గొలుసువలె ఒకదాని వెంట నొకటి యుండును. 25 వోల్టులకు మొత్తము 5 లక్షల ఓములు. 100కు 20 లక్షలు. 250కి 50 లక్షలు. ఒక పుటలో కూడికయందు 40 వేలు ఎక్కువ పడి, ఆ మొత్తమును తరువాతి పుటలకు తెచ్చినచో ఏమగును? తప్పు అంతే యుండును. మొత్తము పెరిగినకొలది నూటికి దాని పాలు తగ్గును. 20 లక్షలలో 40 వేలు నూటికి రెండు; 50 లక్షలలో నూటికి ఒకటి లోపు. కావున 25కును 100కును నడుమ నున్న 15 లక్షల ఓముల రెసిస్టెన్సే కాలక్రమమున పెరిగినదని నిశ్చయించితిని. విప్పి కొలువగా నిజమైనది.

అప్పుడొక ధర్మసందేహము కలిగినది. రెసిస్టెన్సును మార్చినచో మీటరు నిజము చెప్పును. కాని బాబాయిగారి చీటీ అబద్ధమగును. మార్చకున్నచో చీటీ నిలుచును. మీటరు తప్పు చెప్పుచునే యుండును. జ్ఞాపకమును కాపాడుటయా, పనిని కాపాడుటయా? కొన్ని దినములు నాకు తోచలేదు. సి. పి. బ్రౌన్ దొర (1798–1884) కడపలో పండితులను కూర్చి, ఒకే కావ్యమునకు పెక్కు తాటాకు ప్రతులను సేకరించి, పోల్చి, పాఠములను పరిష్కరింపజేసెను. పరిష్కర్తకు తోచిన పాఠమును పైన నిలిపి, విడిచిన పాఠమును గూడ చూపుట ఉత్తమ మార్గము గదా! ఆ మార్గమునే నేనును అవలంబించితిని. క్రొత్త రెసిస్టెన్సును పెట్టితిని. పాతదానిని కాగితములో చుట్టి, బాబాయిగారి చీటీతో గూడ మూత లోపలనే యుంచితిని. నేను చేసిన మార్పును తేదీతో మరియొక చీటీపై వ్రాసి జతచేసితిని. రేపు ఎవరైనను నా పని తప్పని తలంచినచో, యథాస్థితికి తెచ్చుకొనవచ్చును. జీర్ణోద్ధరణమనగా మన చేయి కనబడకుండ దాచుట కాదు. ఎచ్చట పడినదో తెలియునట్లు చేయుట.

సోదరులారా! వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లో స్థాపితమై, నేటికిని పాత పత్రికలను భద్రపరచుచున్నది. ఎవరో ఎన్నడో అడుగుదురని వానిని దాచియుంచుటయే గ్రంథాలయ ధర్మము. ఆ ధర్మము కాగితమునకే పరిమితము కానక్కరలేదు. మన యిండ్ల అటకలపై పాత మీటర్లు, వాల్వులు, రేడియో పటములు ఉన్నచో, తూకమునకు వేయుటకు ముందు ఒక్కసారి ఈ మందిరమునకు తెలియజేయుడని ప్రార్థించుచున్నాను. యంత్రముకంటె దాని పటము, పుస్తకము ముఖ్యములు. అవి లేనిచో యంత్రము వ్యాఖ్యానము లేని కఠిన కావ్యమగును.

నాకు చత్వారము ముదురుచున్నది; చేయి మునుపటివలె నిలువదు. కావున బాబాయిగారి మీటరును, రెండు చీటీలతోను పాత రెసిస్టెన్సుతోను గూడ, ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. దీనిని అద్దాల బీరువాలో పెట్టి తాళము వేయవలదు. ఆదివారములందు రెండు గంటలసేపు నేనిచ్చట కూరుచుందును. ఆసక్తిగల బాలురు, బాలికలు రావచ్చును. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో మొదలిడి, ముల్లును దాని నీడతో కలిపి చదువుట నేర్పెదను. బాబాయిగారు నాకు మొదట నేర్పినదియు అదియే.

మూత లోపల మరికొన్ని చీటీలకు చోటు కలదు.